వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి పది నిమిషాలు

ఆవిడకు రెండు చేతులకూ రెండు వాచీలు. ఎడమ చేతిది ఇక్కడి టైము, కుడి చేతిది అక్కడి టైము. ఇక్కడంటే ఎయిర్‌పోర్టు వెనకవైపు రేకుల కప్పు కింద ఉన్న సరుకుల షెడ్డు. అక్కడంటే తూర్పున, గడియారాలు మనకంటే గంటన్నర ముందు నడిచే ఊళ్ళు. హాజరు పట్టీలో ఆవిడకు చక్కటి పేరే ఉంది గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే తిరిగి చూడదు. షెడ్డులో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ రెండు వాచీల అక్క.

ఇరవై రెండేళ్ళుగా బుకింగ్ కౌంటరు అక్కదే. సరుకు తూచాలి, చీటీ అంటించాలి, ఏ విమానంలో ఎక్కించాలో రాయాలి, అవతల ఎన్నింటికి అందుతుందో చెప్పాలి. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. నాలుగోది అక్కలా చెప్పగల మనిషి ఆ ఎయిర్‌పోర్టులోనే లేరు. ఆ విద్య ఊరికే రాలేదు లెండి, నలుగురిలో నవ్వులపాలైతే వచ్చింది. ఆ ముచ్చట ముందు చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన మూడో వారం. మొక్కల వ్యాపారి ఒకాయన కౌంటరు దగ్గరికొచ్చాడు. తూర్పున మైదానంలో ఉన్న బయలు ఎయిర్‌పోర్టుకు గులాబీ అంటు మొక్కలు పంపాలి, ఖాళీ బుట్టలు వెనక్కి రావాలి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. అక్క అప్పటికింకా అక్క కాలేదు, కొత్తగా వచ్చిన అమ్మాయి. టైమ్‌టేబుల్ తీసింది. ఇక్కడ తొమ్మిదింటికి బయలుదేరిన విమానం అక్కడ పన్నెండూ ఐదుకి దిగుతుంది. అక్కడ ఒంటిగంటకు బయలుదేరింది ఇక్కడ ఒంటిగంటా పదికి దిగుతుంది. ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసేసి, ఠకీమని చెప్పేసింది.

"వెళ్ళడానికి మూడు గంటల ఐదు నిమిషాలండీ. రావడానికి పది నిమిషాలు."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అదేంటమ్మా, అదే దారి కదా?"

తెలియదంటే పోయేది. చెప్పొద్దూ, ఆ వయసులో తెలియదనడం ఎవరికి మాత్రం చేతనవుతుంది! రెప్ప వెయ్యకుండా అనేసింది. "రావడం దిగుడండీ."

షెడ్డు మొత్తం పగలబడి నవ్వింది. సరుకుల బండి తోసే బండన్నయితే ఒక పెట్టె మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. అవతలి ఊళ్ళ గడియారం గంటన్నర ముందుంటుందని, ఆ గంటన్నర వెళ్ళేటప్పుడు కలుస్తుందని, వచ్చేటప్పుడు తరుగుతుందని, నిజానికి ఎటు వెళ్ళినా ఇంచుమించు గంటన్నరే ప్రయాణమని ఎవరో జాలిపడి చెప్పారు. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. ఆ రోజు నుంచీ ఆ పిల్ల ఎదురుపడితే చాలు, బండన్న అరచేతిని జారుడుబల్లలా వాల్చి "జర్ర్..." అనేవాడు.

ఒళ్ళు మండింది. తిన్నగా బజారుకెళ్ళి వాచీలు బాగుచేసే కొట్టు ముందు నిలబడింది.

"ఇంకో వాచీ కావాలి."

కొట్టతను కంటికున్న భూతద్దం తీసి చూశాడు. "చేతికుందిగా?"

"రెండో చేతికి."

"ఏమండీ, చేతులు వేరు కాపురం పెట్టాయా?"

ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. జరిగిందంతా చెప్పేసింది. అతను మాత్రం నవ్వలేదు. చిన్న వాచీ ఒకటి తీసి, ముళ్ళు గంటన్నర ముందుకు తిప్పి, ఆమె కుడిచేతికి తనే పెట్టాడు. "ఈసారి నవ్వినవాణ్ణి ముందు అక్కడ టైమెంతో చెప్పమనండి" అన్నాడు. బ్యాటరీ రెండేళ్ళు వస్తుందన్నాడు. ఆ బ్యాటరీ చూపించుకోవడానికి ఆమె ఆ నెలలోనే మూడుసార్లు వెళ్ళింది. ఏడాది తిరక్కుండా ఇద్దరికీ పెళ్ళయిపోయింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే ఆ రెండు వాచీలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి సెకన్లతో సహా సరిచూసేది ఆయనే.

కాగితం మీది టైమును నమ్మి ఒకసారి పప్పులో కాలేసిన మనిషి ఇక జన్మలో దాన్ని నమ్మలేదు. సరుకు పంపిన ప్రతిసారీ అవతలికి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టింది. విమానం దిగిందా అని అడగదు. "డబ్బా చేతికొచ్చిందా? ఎన్నింటికొచ్చింది?" అని అడుగుతుంది. పొడుగు నోటుపుస్తకంలో తేదీ, విమానం తలుపు వేసిన టైము, డబ్బా చేతికొచ్చిన టైము, ఆ పక్కన "ఎందుకు" అని ఒక గడి. ఆ గడిలో ఏముంటుందంటారా? "మంచు." "ఎదురుగాలి." "తాళంచెవి మనిషి ఆలస్యం." ఒకచోటైతే "బోనులోంచి మేక తప్పించుకుంది, అందరూ దాని వెనక." అలా ముప్పయ్యొక్క పుస్తకాలు. ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య ఎన్ని కిలోమీటర్లో ఎవరైనా చెబుతారు. ఆ కిలోమీటర్లు ఏ నెలలో ఎన్ని నిమిషాలవుతాయో అక్కనే అడగాలి. అందరూ అలాగే అడిగేవారు కూడా, కొత్త మేనేజరు వచ్చేదాకా.

పాపం, కుర్రాడు చెడ్డవాడేమీ కాదు. అక్కకు కొడుకు వయసు ఉంటుంది. వస్తూ వస్తూ ఒక కంప్యూటర్ ప్రోగ్రాం వెంటబెట్టుకొచ్చాడు. సరుకు ఎక్కడికెళ్ళాలో కొడితే చాలు, దగ్గరి ఎయిర్‌పోర్టు ఏదో, దూరమెంతో, ఎంతసేపో అదే చెబుతుంది. అది చెప్పిన ఎయిర్‌పోర్టుకు తప్ప ఇంకోదానికి బుకింగ్ తీసుకోదు. అందరినీ అక్కా అన్నా అని పిలిచే ఆ షెడ్డులో అక్కను మేడమ్ అని పిలిచే మనిషి అతనొక్కడే. ఆ మేడమ్ అన్నప్పుడల్లా అక్కకు చెప్పులో రాయి పడ్డట్టుండేది.

ఇక అసలు సంగతి. ప్రతి గురువారం పొద్దున షెడ్డుకు ఒక మందు వస్తుంది. బొటనవేలంత బుడ్డి, దాని చుట్టూ కిరణాలు బయటికి రాకుండా ఇద్దరు మోయాల్సినంత సీసపు డబ్బా. ఆ మందు ఒంట్లోకి ఎక్కించి స్కాన్ తీస్తే క్యాన్సర్ ఏ మూల నక్కి కూర్చుందో వెలిగి కనిపిస్తుంది. కాకపోతే దానికో తిక్క ఉంది. తయారైన క్షణం నుంచీ తరిగిపోతూనే ఉంటుంది. గంటా యాభై నిమిషాలకు సగం, మరో గంటా యాభైకి ఆ సగంలో సగం. ఐసులో పెట్టినా ఆగదు, బీరువాలో పెట్టి తాళం వేసినా ఆగదు. అది వెళ్ళేది తూర్పున కొండ మీది ఊరి ఆస్పత్రికి. ఆ ఊరికి కొత్తగా ఒక స్కాన్ మిషన్ వచ్చింది. అంతకు ముందు ఆ కొండవాళ్ళు జబ్బు ఒంటితో తొమ్మిది గంటలు బస్సులో పోవాల్సి వచ్చేది.

ఆ ఊరి పక్కనే కొండ ఎయిర్‌పోర్టు ఉంది. ఇక్కణ్ణించి అయిదు వందల నలభై కిలోమీటర్లు, టైమ్‌టేబుల్ ప్రకారం గంటా ఇరవై, అక్కణ్ణించి ఆస్పత్రికి ఇరవై నిమిషాలు. కొండ దిగాక మైదానంలో బయలు ఎయిర్‌పోర్టు. అది ఏడు వందల పది కిలోమీటర్లు, గంటా ముప్పై ఐదు, మళ్ళీ కొండెక్కడానికి రోడ్డు మీద యాభై నిమిషాలు. చలి మొదలయ్యేదాకా అక్క కూడా కొండకే పంపేది. పొగమంచు పట్టగానే బయలుకు మారుద్దామనుకుంది. ప్రోగ్రాం ఒప్పుకోలేదు. దగ్గరిది ఉండగా దూరానికి ఎందుకంది.

మంచు పట్టాక మొదటి గురువారం విమానం కొండ మీద మంచులో గుండ్రంగా తిరిగి తిరిగి దిగింది. డబ్బా ఆస్పత్రికి చేరేసరికి ఐదుగురి మందు ముగ్గురికే సరిపోయింది. రెండో గురువారం దిగడమూ ఆలస్యం, దిగాక సరుకుల గది తాళంచెవి మనిషి రావడమూ ఆలస్యం. ఇద్దరికే సరిపోయింది.

ఆ మధ్యాహ్నం స్కానింగ్ అమ్మాయి ఫోన్ చేసింది. ఆ ఆస్పత్రిలో మిషన్ నడిపేది ఆ పిల్లే. అక్క ఏనాడూ ముఖం చూడలేదు గానీ గొంతు వింటే ఆకలేసిందో లేదో చెప్పగలదు.

"అక్కా, ఐదో నంబరాయన ఒక పెద్దాయన, టైలరు. రెండుసార్లూ పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళ మీదే కూర్చున్నాడు. రెండుసార్లూ మందు అయిపోయింది, ఇంటికెళ్ళండి తాతగారూ అని నేనే చెప్పాను. ఆయన ఒక్క మాట అనలేదక్కా. అంటే బాగుండేది."

"వచ్చే గురువారం చూద్దాం అమ్మాయ్."

"వచ్చే గురువారమే ఆఖరక్కా. పెద్ద డాక్టరమ్మ చెప్పేశారు. మళ్ళీ ఇలాగే చచ్చిన మందు వస్తే మిషన్ మూసేస్తారు. ఇంకో ఊరికి ఇచ్చేస్తారట. మళ్ళీ అందరూ బస్సెక్కాల్సిందే."

అక్క ఫోన్ పెట్టేసింది. తర్వాత చలికాలం పుస్తకాలు ఆరు చంకన పెట్టుకుని మేనేజరు గదిలోకి నడిచింది.

"సార్, గురువారం డబ్బా బయలు ఎయిర్‌పోర్టుకు పంపాలి."

మేనేజరు కంప్యూటర్ తెర ఆమెవైపు తిప్పాడు. "చూడండి మేడమ్. గాల్లో నూట డెబ్భై కిలోమీటర్లు ఎక్కువ. రోడ్డు మీద అరగంట ఎక్కువ. ఏ లెక్కన ముందు చేరుతుంది?"

"ఈ లెక్కన" అని అక్క పుస్తకాలు బల్ల మీద పరిచింది. "ఇది మంచు కాలం. ఈ నెలలో కొండ విమానం పది రోజుల్లో మూడు రోజులు దిగనే దిగదు. దిగిన రోజు కూడా డబ్బా చేతికి రావడానికి మూడు గంటలు. బయలుకు వెనకగాలి తోస్తుంది. వాళ్ళ సరుకుల గది విమానం పక్కనే. తలుపు వేసినప్పటి నుంచి గంటా నలభైలో డబ్బా చేతిలో ఉంటుంది. రోడ్డు కలిపినా రెండున్నర గంటలు."

"ఇదంతా మీ చేతిరాత మేడమ్. ప్రోగ్రాం దీన్ని చదవలేదు."

"మీరు చదవగలరుగా సార్."

అంత మాట ఎలా వచ్చిందో అక్కకే తెలియదు. మేనేజరు ఒక పుస్తకం తెరిచాడు, మూశాడు, ఇంకోటి తెరిచాడు. మేక దగ్గర అతని పెదవి కాస్త కదిలినట్టు అక్కకు అనిపించింది.

"గంటా నలభై అంటున్నారు. నిమిషాలతో సహా?"

"ఐదు నిమిషాలు అటూ ఇటూ."

"సరే. ఈ ఒక్క గురువారానికి ప్రోగ్రాం తాళం తీయిస్తాను. అయితే డబ్బాతో పాటు మీరూ వెళ్ళండి. కళ్ళారా చూసి టైము రాసుకుని రండి. మీరన్నదే నిజమైతే సరేసరి. కాకపోతే ఈ పుస్తకాలన్నీ ఇంటికి పట్టుకుపోవాలి. మళ్ళీ ఈ గదిలో నోటుపుస్తకం మాట వినపడకూడదు."

అక్కకు భయం పట్టుకుంది. పుస్తకాల గురించి కాదు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ విమానం ఎక్కించిందే తప్ప ఎక్కింది లేదు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆయన చేతిలోని చిన్న స్క్రూడ్రైవరు కింద పెట్టి మరీ నవ్వాడు. "ఏమోయ్, వేల డబ్బాలను ధైర్యంగా ఎక్కించినదానివి, నీకు భయమేంటి?"

"డబ్బాలకు గుండె ఉండదు కదండీ."

"గుండె సంగతి నాకు తెలియదు. వాచీల సంగతి నేను చూసుకుంటాను" అని రెండు వాచీలకూ కొత్త బ్యాటరీలు వేసి, బుధవారమైనా సరే ఆదివారంలా సెకన్లతో సరిచూసి ఇచ్చాడు. ఆ మాత్రానికే ఆవిడకు సగం భయం తగ్గిపోయింది.

గురువారం పొద్దున ఆరూ యాభైకి మందు బుడ్డికి మూత బిగించి సీలు వేశారు. విమానం ఏడూ నలభైకి. సీసపు డబ్బాను బండన్నే స్వయంగా తోసుకొచ్చి విమానం పొట్టలో అన్నిటికంటే ఆఖరున, తలుపు పక్కనే పెట్టించాడు. ఆఖరున ఎక్కింది ముందు దిగుతుంది, ఆ కిటుకు అక్క నేర్పిందే. "అక్కా, పైన జాగ్రత్త, వచ్చేటప్పుడు దిగుడు!" అని అరచేయి వాల్చాడు. ఇరవై రెండేళ్ళైనా మానలేదు మహానుభావుడు.

అక్క కిటికీ పక్కన కూర్చుని బెల్టు ఎంత బిగుతుగా పట్టుకుందంటే వేళ్ళు తెల్లబడ్డాయి. ఏడూ నలభై అయింది. తలుపు వెయ్యలేదు. ఏడూ నలభై ఐదు. ముందు వరుసలో ఎవరో ఇద్దరు పెద్దమనుషులు, ఒకే కిటికీ సీటు నాదంటే నాదని తగువు. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సీట్లో కూర్చున్నా ఈ సీట్లో కూర్చున్నా ఊరు ఒకటే కదయ్యా, కింద నా మందు ఆవిరైపోతోంది! గొంతుదాకా వచ్చింది. ఇంతలో ఎయిర్ హోస్టెస్ వంగి అడిగింది.

"భయంగా ఉందా అమ్మా? ఊరికే వాచీలు చూసుకుంటున్నారు."

"నాక్కాదమ్మా భయం. కింద ఐదుగురున్నారు."

ఆ పిల్ల తెల్లమొహం వేసింది. అక్క రెండు ముక్కల్లో డబ్బా సంగతి చెప్పింది. ఆ పిల్ల నిటారుగా నిలబడి, ముందు వరుసకెళ్ళి ఏం చెప్పిందో ఏమో, ఇద్దరు పెద్దమనుషులూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. తలుపు పడింది. ఏడూ యాభై రెండు. అక్క మొదటి గడి రాసుకుంది.

విమానం లేచినప్పుడు కళ్ళు మూసుకుంది. లేచాక ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. కింద షెడ్డు రేకుల కప్పు అగ్గిపెట్టెంత కనిపించి వెనక్కి వెళ్ళిపోయింది. అబ్బో, ఇన్నాళ్ళూ నా డబ్బాలు ఇవన్నీ చూస్తూ వెళ్ళాయా అని కాస్త అసూయ కూడా పడింది. ఎడమవైపు దూరంగా కొండల మీద తెల్లటి పొగమంచు, అంచులు కూడా తెలియనంత దట్టంగా పరుచుకుని ఉంది. వెనకగాలి బాగా తోస్తోందని, ఆలస్యంగా బయలుదేరినా ఆట్టే తేడా రాదని పైలట్ మైకులో చెప్పాడు. "చలికాలం మరి, తొయ్యక ఏం చేస్తుంది" అని అక్క పైకే అనేసింది. పక్క సీటాయన ఉలిక్కిపడి చూశాడు.

ఎడమ చేతి వాచీలో తొమ్మిదీ ఎనిమిదికి విమానం బయలు ఎయిర్‌పోర్టులో ఆగింది. అక్క మెట్లు దిగి సరుకుల గదివైపు దాదాపు పరిగెత్తింది. అక్కడి ఇన్‌చార్జి పదకొండేళ్ళుగా ఆవిడకు ఫోన్లో గొంతు మాత్రమే. ఆ గొంతు గంభీరానికి బుర్రమీసాల భారీ మనిషిని ఊహించుకుంది. ఎదురుగా చూస్తే ఊదితే పడిపోయేలా ఉన్న మనిషి, తోపుడు బండి పట్టుకుని.

"డబ్బా చేతికొచ్చిందా, ఎన్నింటికొచ్చింది... ఆ అక్కేనా మీరు?"

"నేనే. డబ్బా ఏదీ?"

"మనిషిని చూసిన సంతోషమన్నా లేదే!" అంటూనే బండిని పరుగెత్తించాడు. అన్నిటికంటే ముందు దిగిన సీసపు డబ్బా మీద సంతకాలు పడి, స్కానింగ్ అమ్మాయి తెచ్చిన వ్యానులోకి ఎక్కేసరికి ఎడమ చేతి వాచీలో తొమ్మిదిన్నర. అక్క మనసులోనే లెక్క కట్టింది. గంటా ముప్పై ఎనిమిది. అంకెలు గుండ్రంగా రాసింది.

స్కానింగ్ అమ్మాయి గొంతుకు తగ్గ మనిషే. సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో ఉంది. అక్కను చూడగానే చేతులు రెండూ పట్టుకుంది, రెండు వాచీల మీదా. సరిగ్గా అప్పుడే నెత్తిన మోత మోగించుకుంటూ ఇంకో విమానం దిగింది. ఇన్‌చార్జి అటు చూసి నోరెళ్ళబెట్టాడు.

"అది కొండకెళ్ళాల్సిన విమానం అక్కా! మీకంటే ముందే మీ ఊరి నుంచి బయలుదేరింది. మంచులో దిగలేక ఇక్కడికొచ్చి పడింది."

ప్రోగ్రాం మాట వింటే డబ్బా ఇప్పుడు ఆ విమానం పొట్టలో ఉండేది. అక్క నోటుపుస్తకం తీసి ఆ విమానం టైము కూడా రాసుకుంది, పక్క గడిలో "మంచు" అని.

వ్యాను కొండెక్కింది. మలుపు తిరిగినప్పుడల్లా డబ్బా కదలకుండా అక్క దాన్ని కాళ్ళతో అదిమి పట్టుకుంది. పదీ ఇరవైకి ఆస్పత్రి. స్కానింగ్ అమ్మాయి డబ్బాను చక్రాల బల్ల మీద తోసుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. అక్కడ ఒక మీటరు ఉంటుంది, మందులో ఇంకా ప్రాణమెంత ఉందో అదే చెబుతుంది. అక్క బయట బల్ల మీద కూర్చుంది. పక్కన ఐదుగురు వరసగా కూర్చుని తలుపు వైపే చూస్తున్నారు. చివర ఒక ముసలాయన, ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో కొలతల టేపు. తియ్యడం మర్చిపోయాడో, అది లేకపోతే ఒంటికి తోచదో.

"మీరేనా తల్లీ ఆ వాచీలావిడ?" అన్నాడు ముసలాయన.

"అవునండీ. రెండుసార్లు మిమ్మల్ని ఆకలితో కూర్చోబెట్టింది నా షెడ్డే."

"ఆ పిల్ల చెప్పింది, మీరు డబ్బా చేతికొచ్చిన టైమే రాస్తారటగా. నేనూ అంతేనమ్మా. కొలతలు ఒంటి మీద తీసుకుంటాను గానీ, పుస్తకంలో రాసి ఉన్నాయంటే నమ్మను. పుస్తకంలో మనుషులకు పొట్టలుండవు."

అక్క నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. లోపలి గది తలుపు తెరుచుకుంది. స్కానింగ్ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"ఐదుగురికీ ఉందక్కా." ఆ పిల్ల బల్ల వైపు తిరిగింది. "ఐదుగురికీ సరిపోతుంది. అందరూ రండి. తాతగారూ, మీరు కూడా."

ముసలాయన లేచి, మెడలో టేపు తీసి, జాగ్రత్తగా చుట్టి అక్క చేతిలో పెట్టాడు. "నేనొచ్చేదాకా ఉంచు తల్లీ." అక్క కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆపుదామని కూడా అనుకోలేదు. ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు లోపలికెళ్ళారు. ఐదో నంబరు బయటికి వచ్చి టేపు అడిగేదాకా అక్క ఆ బల్ల మీంచి లేవలేదు, ఎవరో తెచ్చిన టీ కూడా తాగలేదు.

పెద్ద డాక్టరమ్మ తన గదిలోంచి బయటికొచ్చి అక్కను పైనుంచి కిందికి చూసింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "మిషన్ ఎక్కడికీ పోదు. వచ్చే గురువారం ఏడుగురిని పిలుస్తాను, మందు ఇంకాస్త ఎక్కువ పంపండి" అంది. స్కానింగ్ అమ్మాయి అక్కను గట్టిగా కావలించుకుంది.

మేనేజరుకు ఫోన్ చేసింది అక్క. "గంటా ముప్పై ఎనిమిది సార్. ఐదుగురికీ అయింది. వాళ్ళు మిషన్ ఉంచేస్తున్నారు."

అవతల కీబోర్డు మీద ఏదో కొడుతున్న చప్పుడు వినిపించింది.

"కొండ విమానం సంగతి ఇక్కడ తెలిసింది" అన్నాడు మేనేజరు. "ఒక మాట. ఆ పుస్తకాలు ఇంటికి పట్టుకుపోవద్దు. ప్రోగ్రాంలో ఇంకో గడి పెట్టిస్తాను, డబ్బా చేతికొచ్చిన టైముకు. రేపట్నుంచి కూర్చుని అన్నీ ఎక్కిద్దాం. మీరు చదవండి, నేను కొడతాను." ఆగి మళ్ళీ అన్నాడు. "క్షేమంగా రా అక్కా."

చెప్పులో రాయి రాలిపోయింది.

తిరుగు విమానం అక్కడి టైము ప్రకారం సాయంత్రం ఐదింటికి. ఎదురుగాలి కాబట్టి గంటా నలభై పడుతుందని అక్కకు తెలుసు. ఈసారి బెల్టు మామూలుగానే పెట్టుకుంది. తలుపు పడగానే కుడి చేతి వాచీ చూసింది. సరిగ్గా ఐదు. దారంతా కిటికీకి ముక్కు ఆనించి మేఘాలు చూస్తూ కూర్చుంది, పిల్లకు మల్లే.

దిగి బయటికొచ్చేసరికి గేటు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన మేనేజరు, బండన్న, ఆ వెనక షెడ్డులో చేతిలో పని వదిలేసి వచ్చినవాళ్ళంతా ఉన్నారు. అప్పటికే ఆ ఐదుగురి కబురు షెడ్డంతా పాకిపోయింది. ఎవరో ఈల వేశారు. బండన్న బండి తోసుకొచ్చి, "ఎక్కక్కా, ఇవాళ నువ్వే సరుకు!" అన్నాడు. వద్దు వద్దంటున్నా వినకుండా ఆవిణ్ణి అందులో కూర్చోబెట్టారు.

"ప్రయాణం ఎంతసేపు పట్టింది అక్కా?" మేనేజరు జేబులోంచి పెన్ను తీశాడు. గడిలో రాసుకోవడానికే కాబోలు.

అక్క కుడి చెయ్యి ఎత్తింది. "అక్కడ ఎక్కి తలుపు పడేసరికి ఇందులో ఐదు." ఎడమ చెయ్యి ఎత్తింది. "ఇక్కడ తలుపు తెరిచేసరికి ఇందులో ఐదూ పది." రెండు చేతులూ అందరికీ కనపడేలా అలాగే గాల్లో పట్టుకుంది. "వెళ్ళేసరికి వాచీల లెక్కన ఇంచుమించు మూడు గంటలైంది. వచ్చేసరికి పది నిమిషాలే."

మేనేజరు పెన్ను గాల్లోనే ఆగిపోయింది. నవ్వాపుకుంటూ పెదవి బిగబట్టుకున్నాడు. బండన్నకు మాత్రం అప్పుడే వెలిగింది, మొహం చాటంతయింది.

"ఎందుకలాగంటావ్ అక్కా?" అన్నాడు, ఆ ప్రశ్నను ఇరవై రెండేళ్ళు దాచుకున్నట్టు.

"రావడం దిగుడు కదరా!"

షెడ్డు మళ్ళీ పగలబడి నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వింది అక్కే. రెండు చేతులూ పైకెత్తుకునే నవ్వుతోంది. బండన్న కళ్ళు తుడుచుకుంటూ బండిని షెడ్డువైపు తోశాడు.